నేల ఉసిరి సరుకును నిర్ధారించడానికి క్లోరోప్లాస్ట్ జీనోమ్ మొత్తం చదివించాలా, చిన్న బార్‌కోడ్ చాలునా?

ప్రశ్న — మూలికాపరీక్ష

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న ఆయుర్వేద మందుల తయారీ సంస్థలో ముడిసరుకు నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తున్నాను. కాలేయానికి వాడే మందుల కోసం మేము ఏటా నేల ఉసిరిని ఎండు సమూలంగా, అంటే వేరుతో సహా మొత్తం మొక్కగా, కొంటాము. ఈసారి ఇద్దరు వ్యాపారుల నుంచి వచ్చిన సరుకు కంటికి ఒకేలా ఉన్నప్పటికీ, హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో (మొక్కలోని రసాయనాలను విడదీసి కొలిచే పద్ధతి) ఒకదానిలో ఫిలాంథిన్ అనే రసాయనం బాగా కనిపించింది, రెండవదానిలో నామమాత్రంగా ఉంది. రెండూ ఒకే మొక్క కాదేమోనన్న అనుమానంతో బయటి ప్రయోగశాలలో మొక్కలను గుర్తించడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్క (బార్‌కోడ్) అయిన ఆర్‌బీసీఎల్ జన్యుభాగాన్ని చదివించాము. వచ్చిన వరుసను జెన్‌బ్యాంక్ అనే బహిరంగ డీఎన్‌ఏ భాండాగారంలో వెతికితే, ఫిలాంథస్ ప్రజాతికి చెందిన పలు జాతులు ఒకే స్థాయి పోలికతో ఒకదాని కింద ఒకటి వచ్చాయి తప్ప, ఇది ఫలానా జాతి అని తేలలేదు.

ఇటీవల ఔషధ మొక్కల మీద వస్తున్న పరిశోధనలలో క్లోరోప్లాస్ట్ జీనోమ్‌ను, అంటే ఆకుల్లోని పచ్చని కణాంగంలో ఉండే డీఎన్‌ఏ మొత్తాన్ని, పూర్తిగా చదివి, దానినే ఒక పెద్ద బార్‌కోడ్‌గా వాడుతున్నారని చూశాను. మా వంటి చిన్న సంస్థకు అది అవసరమా, లేక ఆర్‌బీసీఎల్‌కు బదులు మరొక చిన్న భాగాన్ని ఎంచుకుంటే సరిపోతుందా అన్నది నా ప్రశ్న. పూర్తి జీనోమ్ చదివినప్పుడు అదనంగా తెలిసేది ఏమిటో, ఎండిన సరుకు మీద అది సాధ్యమో కాదో కూడా తెలిసినవారు వివరించగలరు.


సమాధానం — హరితరేణువు

మీ ఆర్‌బీసీఎల్ ఫలితం ఆశ్చర్యకరమైనది కాదు. ఆ జన్యువు కిరణజన్యసంయోగక్రియలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే ఎంజైములోని పెద్ద ఉపభాగాన్ని తయారుచేస్తుంది కాబట్టి దానిలో మార్పులను ప్రకృతి అంత సులభంగా సహించదు. కుటుంబాన్నీ ప్రజాతినీ చక్కగా చెబుతుంది కానీ, దగ్గరి జాతుల మధ్య చేతులెత్తేస్తుంది. 2009లో మొక్కల బార్‌కోడింగ్ అంతర్జాతీయ బృందం ఆర్‌బీసీఎల్, మాట్‌కే భాగాలను జంటగా ప్రామాణిక బార్‌కోడ్‌గా సిఫారసు చేసినప్పుడు సైతం, ఆ జంట జాతి స్థాయిలో విడదీయగలిగింది 72 శాతం మాత్రమేనని వారే ప్రకటించారు. ఔషధ మొక్కలకు ప్రత్యేకంగా 2010లో చైనా పరిశోధకులు కేంద్రక డీఎన్‌ఏలోని ఐటీఎస్2 భాగాన్ని ప్రతిపాదించి, 6,600కు పైగా నమూనాల మీద 92.7 శాతం విజయాన్ని చూపారు. మిగిలిపోయే ఆ కొద్ది శాతంలోనే సాధారణంగా మన తలనొప్పులన్నీ ఉంటాయి.

ఇక క్లోరోప్లాస్ట్ జీనోమ్ సంగతి. 1986లో జపాన్‌లోని రెండు బృందాలు పొగాకుదీ, మార్కాంషియా అనే లివర్‌వర్ట్‌దీ (నాచు వంటి చిన్న మొక్క) మొదటిసారి పూర్తిగా చదివాయి. పుష్పించే మొక్కలలో చాలావాటికి ఇది లక్షా ఇరవై వేల నుంచి లక్షా అరవై వేల క్షార జతల (డీఎన్‌ఏ అక్షరాల) పొడవు ఉంటుంది. ఒక పెద్ద ఏకప్రతి భాగం, ఒక చిన్న ఏకప్రతి భాగం, వాటి మధ్య ఒకదానికొకటి తిరగవేసినట్లుండే రెండు పునరావృత భాగాలు — ఈ నాలుగింటి అమరిక చాలా మొక్కలలో ఒకటే. జన్యువుల సంఖ్య సుమారు 110 నుంచి 130. అమరిక ఇంత స్థిరంగా ఉండడం వల్ల ఒక మొక్క జీనోమ్‌ను మరొకదాని పక్కన పెట్టి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు పోల్చడం సాధ్యమవుతుంది. ఏకప్రతి భాగాలలోని జన్యువుల నడిమి ఖాళీలు వేగంగా మారడం వల్ల తేడాలూ దొరుకుతాయి. పునరావృత భాగాలలో మార్పులు తక్కువ, అందుచేత అక్కడ వెతకడం వృథా శ్రమ.

పూర్తి జీనోమ్ వల్ల నిజమైన లాభం ఇక్కడే ఉంది. ఏ ప్రజాతిలో ఏ చోట తేడాలు పోగుపడ్డాయో ముందుగా ఊహించలేము. చాలా మొక్కలలో వైసీఎఫ్1 అనే సుమారు 5,500 క్షారాల పొడవైన జన్యువు బాగా మారుతుంది, మరికొన్నింటిలో ఎన్‌డీహెచ్‌ఎఫ్–ఆర్‌పీఎల్32 మధ్య ఖాళీ, ఇంకొన్నింటిలో ఆర్‌పీఎస్16 చుట్టుపక్కల ప్రాంతం. మొత్తం చదివితే ఆ ప్రజాతికి పనికివచ్చే చోటు ఏదో కళ్లముందుకు వస్తుంది. కొరియా జిన్సెంగ్ విషయంలో జరిగింది ఇదే: 2004లో దాని క్లోరోప్లాస్ట్ జీనోమ్ 1,56,318 క్షార జతలతో వెలువడింది, ఆ తరువాత అమెరికా జిన్సెంగ్ వంటి తోటి జాతుల జీనోములు కూడా వచ్చి, వాటి మధ్య తేడా ఉన్న స్థానాల మీద చిన్న పీసీఆర్ పరీక్షలు (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కను మాత్రమే పెంచి చూసేవి) తయారయ్యాయి. ఇప్పుడు సరుకును పరీక్షించేవారు ప్రతిసారీ జీనోమ్ చదవనవసరం లేదు, ఆ చిన్న పరీక్ష చేస్తారు. మీకూ నా సలహా అదే. జీనోమ్‌ను ప్రామాణిక నమూనాల మీద ఒకసారి చదివించండి, సరుకు మీద మాత్రం దాని నుంచి పుట్టిన చిన్న పరీక్షను నడపండి.

అయితే ప్రతి కల్తీకీ ఇంత అవసరమని అనుకోవద్దు. అశోక చెట్టు బెరడు స్థానంలో నరమామిడి బెరడు వచ్చిందనుకోండి, ఆ రెండూ వేర్వేరు కుటుంబాలవి కాబట్టి మీరు చేయించిన ఆర్‌బీసీఎల్ ఒక్కటే దొంగను పట్టిస్తుంది. 1990ల ఆరంభంలో బెల్జియంలో బరువు తగ్గించే మందులో స్టెఫానియా వేరుకు బదులు అరిస్టోలోకియా వేరు కలిసి వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి; అంత ఘోరమైన మార్పిడి కూడా డీఎన్‌ఏ దృష్టిలో అతి తేలికైన ప్రశ్న, ఎందుకంటే అవి కూడా వేర్వేరు కుటుంబాలే. నేల ఉసిరి వంటి ఒకే ప్రజాతి గందరగోళాలకే పెద్ద పనిముట్లు కావాలి.


సమాధానం — పత్రకోశం

హరితరేణువు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఆయన "ప్రామాణిక నమూనాలు" అని ఒక్క మాటలో దాటేసిన విషయం దగ్గర కొంచెం ఆగాలని కోరుతున్నాను. ఈ మొక్క విషయంలో అసలు చిక్కు అంతా అక్కడే ఉంది.

మన దేశపు పాత గ్రంథాలలో నేల ఉసిరికి ఫిలాంథస్ నిరూరి అన్న పేరు కనిపిస్తుంది. ఆ పేరుగల అసలు మొక్క అమెరికా ఖండాలది. బ్రిటిష్ ఇండియా వృక్షసంపద గ్రంథంలో ఆ పేరు కింద వర్ణించినది నిజానికి అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ అనే మూడు జాతుల కలగూరగంప అని 1985లో మన దేశపు వర్గీకరణ శాస్త్రవేత్తలు తేల్చారు. అయినా పాత పేరు పుస్తకాలలోనూ, మందుసీసాల మీదా, విచారకరంగా డీఎన్‌ఏ భాండాగారాలలోనూ తిరుగుతూనే ఉంది. జెన్‌బ్యాంక్‌లో ఒక వరుసకు ఉన్న పేరు దానిని సమర్పించినవారు పెట్టిన పేరే, ఎవరూ మొక్కను మళ్లీ చూసి సరిచేయరు. లక్షన్నర అక్షరాలను తప్పు లేకుండా చదివినా, పైన పేరు తప్పుగా ఉంటే ఆ శ్రమ అంతా తప్పును మరింత బలంగా నిలబెడుతుంది.

కాబట్టి ముందు మొక్కలు కావాలి. వర్షాకాలంలో మీ ప్రాంతపు పొలం గట్ల మీద పూతా కాయా ఉన్న మొక్కలను వేళ్లతో సహా తీసుకొని, ప్రతి మొక్క నుంచి కొన్ని లేత ఆకులను సిలికా జెల్‌లో వేసి, మిగిలిన మొక్కను హెర్బేరియం పత్రంగా (ఎండబెట్టి కాగితం మీద భద్రపరచిన నమూనాగా) అతికించి, రెండింటికీ ఒకే సంఖ్య వేయండి. అమారస్‌కు పువ్వులో పరిపత్రాలు (రేకుల వంటి భాగాలు) 5 ఉంటాయి, ఒక్కొక్క ఆకు మొదట ఒక మగ పువ్వూ ఒక ఆడ పువ్వూ జంటగా వస్తాయి. ఫ్రాటర్నస్‌కు పరిపత్రాలు 6, మగ పువ్వులు కొమ్మ కింది భాగంలోనూ ఆడ పువ్వులు పైభాగంలోనూ విడివిడిగా ఉంటాయి. ఇదే ప్రజాతిలోని యూరినేరియా కాయ మీద గరుకు బొడిపెలు ఉంటాయి, కాయకు కాడ దాదాపు ఉండదు. మదరాస్‌పటెన్సిస్ అనే మరొక జాతిలో ప్రధాన కాండం మీద కూడా మామూలు ఆకులు ఉంటాయి, అమారస్‌లో అవి పక్క కొమ్మల మీదనే ఉంటాయి.

ఎండిన సరుకులో పువ్వులు దొరకవు కదా అని మీరు అనవచ్చు. నిజమే, కానీ విత్తనాలు దొరుకుతాయి. బస్తా అడుగున చేరిన నుసిని సన్నని జల్లెడతో జల్లించి, మిగిలిన మిల్లీమీటరు పరిమాణపు గింజలను నల్లని కాగితం మీద పరచి పది రెట్ల భూతద్దంతో చూడండి. మూడు పలకలుగా, నారింజ తొనలా ఉండే ఆ గింజ వీపు మీద గీతలు నిలువుగా ఉంటే అమారస్ గానీ దాని వంటివి గానీ అయివుండాలి. గీతలు అడ్డంగా, పక్కటెముకల వలె ఉంటే అది యూరినేరియా. సన్నని చుక్కలు వరుసలుగా ఉంటే మదరాస్‌పటెన్సిస్. మీ రెండవ వ్యాపారి సరుకు ఈ పరీక్ష దగ్గరే తేలిపోయే అవకాశం ఉంది, ఎందుకంటే ఫిలాంథిన్ దాదాపు లేకపోవడం యూరినేరియాను అనుమానించదగిన లక్షణం. నిలువు గీతల గింజలు వచ్చినప్పుడు మాత్రం భూతద్దం పని అక్కడితో ముగుస్తుంది, ఫ్రాటర్నస్, డెబిలిస్ గింజలకూ నిలువు గీతలే ఉంటాయి కాబట్టి. డీఎన్‌ఏ అవసరం అక్కడ మొదలవుతుంది.

దక్షిణ భారతంలోని మూలికల దుకాణాల నుంచి సేకరించిన నేల ఉసిరి మీద 2010లో వెలువడిన ఒక అధ్యయనం సరిగ్గా ఈ రెండు పద్ధతులనూ కలిపింది. మొదట రూపలక్షణాలతో విడదీసి, తరువాత క్లోరోప్లాస్ట్‌లోని పీఎస్‌బీఏ–టీఆర్‌ఎన్‌హెచ్ ఖాళీతో ధ్రువీకరించగా, 76 శాతం నమూనాలలో అమారస్ ప్రధానంగా ఉంది, మిగిలినవాటిలో పైన చెప్పిన నాలుగు జాతులతో పాటు కోళికోడియానస్ అనే మరొక జాతి కూడా బయటపడింది. అంటే జీనోమ్ మొత్తం లేకుండానే ఆ పని చాలావరకు సాధ్యమైందన్నమాట. మీరు మొదట ప్రయత్నించవలసింది ఆ భాగమే అని నా అభిప్రాయం.


సమాధానం — ప్రయోగశాల బల్ల

పీఎస్‌బీఏ–టీఆర్‌ఎన్‌హెచ్ గురించి ఒక హెచ్చరిక చేర్చాలి. ఆ ఖాళీ చిన్నది, బాగా మారేది, ఎండిన సరుకు నుంచి కూడా పీసీఆర్‌లో సులభంగా పెరిగేది. అయితే కొన్ని మొక్కలలో దాని మధ్య ఒక చిన్న ముక్క మొత్తంగా తిరగబడి ఉంటుంది. ఒకే జాతిలో సైతం ఒక మొక్కలో సూటిగా, మరొక మొక్కలో తిరగబడి ఉండవచ్చు. లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ దానిని పది పన్నెండు మార్పులుగా భావించి వేరే జాతి అని చెప్పేస్తుంది. పైగా ఒకే అక్షరం వరుసగా పదిసార్లకు మించి వచ్చే చోట్ల సాంగర్ పద్ధతిలో (ఒక్కొక్క ముక్కను విడిగా చదివే పద్ధతి) చదువు తడబడుతుంది. అందుచేత అది ఒక్కటే ఆధారంగా ఒక వ్యాపారి సరుకును తిప్పిపంపే నిర్ణయం తీసుకోవడం నాకు సమ్మతం కాదు, ఐటీఎస్2ను తోడుగా పెట్టుకోండి.

పూర్తి జీనోమ్ ఖర్చుకు భయపడేవారు ఒక లెక్క గమనించాలి. క్లోరోప్లాస్ట్‌ను విడిగా శుద్ధి చేయవలసిన రోజులు పోయాయి. ఆకు నుంచి మొత్తం డీఎన్‌ఏను సీటాబ్ అనే రసాయనం వాడే పద్ధతిలో తీసి, కోట్లాది చిన్న ముక్కలను (రీడ్లను) ఒకేసారి చదివే ఇల్యూమినా యంత్రం మీద పైపైన చదివిస్తే చాలు. ఒక కణంలో కేంద్రక జీనోమ్ ప్రతులు రెండే ఉంటే క్లోరోప్లాస్ట్ జీనోమ్ ప్రతులు వందల నుంచి వేల వరకు ఉంటాయి. చదివిన దానిలో క్లోరోప్లాస్ట్ వాటా 5 శాతమే అనుకున్నా, 300 కోట్ల క్షారాల సమాచారంలో 15 కోట్లు దానివే. 1,56,000 పొడవుతో భాగిస్తే ప్రతి స్థానాన్నీ సగటున 960 సార్లు చదివినట్లు. గెట్‌ఆర్గనెల్, నోవోప్లాస్టీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు దానిని వలయంగా కూర్చుతాయి, జీసెక్ జన్యువుల పేర్లు గుర్తిస్తుంది. అంత లోతు ఉండడం మరొక విధంగా కూడా మేలు: పరిణామక్రమంలో కేంద్రకంలోకి వలసపోయిన క్లోరోప్లాస్ట్ ముక్కలు కొన్ని రీడ్లలో మాత్రమే కనిపిస్తాయి కాబట్టి వాటిని అసలు ప్రతితో పొరబడే ప్రమాదం తగ్గుతుంది.

కూర్పు వచ్చిన తరువాత కొత్తవారు తరచుగా పడే గొయ్యి ఒకటుంది. చిన్న ఏకప్రతి భాగం మొక్కలో సహజంగానే రెండు దిశలలోనూ, దాదాపు సగం సగంగా, ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఒక నమూనాకు ఒక దిశనూ మరొక నమూనాకు రెండవ దిశనూ ఇచ్చిందంటే, రెండు జీనోములనూ పక్కపక్కన పెట్టినప్పుడు పద్దెనిమిది వేల క్షారాల ప్రాంతం తలకిందులైనట్లు కనిపిస్తుంది. దానిని రెండు జాతుల మధ్య భారీ తేడాగా వ్యాసంలో రాసినవారు ఉన్నారు. పోల్చే ముందు అన్నింటినీ ఒకే దిశకు తిప్పుకోవాలి.

ఎండిన సరుకు మీద సాధ్యమా అని అడిగారు. నీడలో ఆరిన ఆకు అయితే సాధ్యమే. ఎర్రటి ఎండలో వారాల తరబడి పడివున్నదానిలో డీఎన్‌ఏ రెండు మూడు వందల క్షారాల ముక్కలుగా తెగిపోయి ఉంటుంది, ఉసిరి జాతుల టానిన్లు (వగరు పదార్థాలు) దానితో పెనవేసుకొని గోధుమరంగు జిగురుగా గొట్టం అడుగున చేరుతాయి. సీటాబ్ ద్రావణంలో పీవీపీనీ బీటా మెర్కాప్టోఇథనాల్‌నూ మామూలుకంటే ఎక్కువ వేయడం, ఆకుపొడిని ముందుగా సార్బిటాల్ ద్రావణంతో కడగడం కొంత సహాయపడతాయి. ముక్కలైన డీఎన్‌ఏ పొడవైన పీసీఆర్‌కు పనికిరాదు గానీ, ఇల్యూమినా ఎలాగూ చిన్న ముక్కలనే చదువుతుంది కాబట్టి జీనోమ్ కూర్పుకు పనికివస్తుంది. ఈ ఒక్క విషయంలో పెద్ద పద్ధతే చిన్న పద్ధతి కంటే ఓర్పుగలది.

ఉడికించి తీసిన సారాల మీద మాత్రం దీనిని నమ్ముకోవద్దు. 2015 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం డీఎన్‌ఏ బార్‌కోడ్ పరీక్షల ఆధారంగా పెద్ద దుకాణ సంస్థలకు మూలికా ఉత్పత్తులు నిలిపివేయమని లేఖలు పంపినప్పుడు, శాస్త్రవేత్తలు వెంటనే ఎత్తిచూపిన లోపం అదే: సారం తీసే ప్రక్రియలోనే డీఎన్‌ఏ నశిస్తుంది, అది దొరకనంత మాత్రాన మూలిక లేదని అర్థం కాదు. మీ పరీక్ష ముడిసరుకు గడప దగ్గరే జరగాలి, కషాయం కాచిన తరువాత కాదు.


ప్రశ్నించినవారి స్పందన — మూలికాపరీక్ష

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. పత్రకోశం గారు చెప్పినట్లు రెండవ సరుకు నుసిని జల్లించి చూశాను. అడ్డ గీతల గింజలు కొన్ని, నిలువు గీతల గింజలు కొన్ని రెండూ కలిసి ఉన్నాయి. అంటే అది ఒకే జాతి కాక మిశ్రమమన్నమాట. దీనిని పొడిచేసి చదివిస్తే ఏ జాతి ఎంత శాతం ఉన్నదో క్లోరోప్లాస్ట్ జీనోమ్ ద్వారా చెప్పవచ్చునా? మరొక సందేహం: ఈ జాతుల మధ్య సంకరాలు ఉంటే అవి ఇందులో కనిపిస్తాయా?


సమాధానం — హరితరేణువు

రెండవ సందేహం ముందుగా. సంకరాలు ఇందులో కనిపించవు. పుష్పించే మొక్కలలో చాలావాటికి క్లోరోప్లాస్ట్ తల్లి వైపు నుంచే సంక్రమిస్తుంది కాబట్టి, జీనోమ్‌ను చివరి అక్షరం వరకు చదివినా తండ్రి ఎవరో తెలియదు. పెప్పర్‌మింట్ రెండు పుదీనా జాతుల సంకరం. దాని క్లోరోప్లాస్ట్ ఒక్కటే చూసినవారు అది స్వచ్ఛమైన తల్లి జాతి అని రాసేస్తారు. మన పసుపు ప్రజాతిలో కథ ఇంకా చిక్కుగా ఉంటుంది. అక్కడ సంకరాలూ, క్రోమోజోముల సంఖ్య పెరగడమూ రెండూ జరిగాయి, సాగులో ఉన్న పసుపు స్వయంగా త్రయస్థితికం (క్రోమోజోముల సమితులు రెండుకు బదులు మూడు ఉన్నది). దానికి తోడు క్లోరోప్లాస్ట్‌లో తేడాలు చాలా తక్కువ. పసుపు కొమ్ములలో అడవి జాతుల కల్తీని పట్టాలనుకునేవారు కేంద్రక డీఎన్‌ఏను కూడా తప్పక చూడాలి. ఐటీఎస్2ను తోడు పెట్టుకోమని పైన చెప్పిన సలహాకు ఇది కూడా ఒక కారణం.

మిశ్రమం విషయానికి వస్తే, పొడి మొత్తాన్ని కలిపి చదివి జీనోమ్‌గా కూర్చమని సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వకండి. రెండు జాతుల ముక్కలను ఒకచోట అతికించి ఏ మొక్కలోనూ లేని జీనోమ్‌ను అది మీ చేతిలో పెడుతుంది, చూడడానికి వలయం చక్కగానే పూర్తవుతుంది. అందుకు బదులు, హెర్బేరియం ప్రతులు ఉన్న మొక్కల నుంచి వచ్చిన జాతుల జీనోములను ముందు సిద్ధం చేసుకొని, ఒక్కొక్క జాతికే ప్రత్యేకమైన అక్షరాలు ఉన్న స్థానాలను గుర్తించి, మిశ్రమపు రీడ్లు ఆ స్థానాలలో ఏ అక్షరాన్ని చూపుతున్నాయో లెక్కించాలి. వందల స్థానాలు ఒకే మాట చెబితే ఫలానా జాతి ఉన్నదనే నిర్ధారణ గట్టిగా నిలుస్తుంది. ఒకే బార్‌కోడ్ ఇవ్వలేని ధైర్యం అది.

ఆ లెక్కను బరువు శాతంగా మార్చవద్దు. ఆకులో క్లోరోప్లాస్ట్ ప్రతులు విపరీతంగా ఉంటాయి, వేరులోనూ ముదురు కాండంలోనూ తక్కువ. ఒక జాతి ఎక్కువ ఆకుతోనూ మరొకటి ఎక్కువ కాడతోనూ వచ్చివుంటే, సగం సగం ఉన్న సరుకు కూడా ఎనభై ఇరవైగా కనిపించవచ్చు. శాతం కావాలంటే తూకం వేసి కలిపిన నమూనాలతో ముందు ఒక కొలమానం తయారుచేసుకోవాలి, అది కూడా మీ సరుకు ఆకు–కాడ నిష్పత్తికి దగ్గరగా ఉన్నప్పుడే పనిచేస్తుంది.


సమాధానం — పత్రకోశం

వర్గీకరణ కోణం ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఒక మాట. ఫిలాంథస్ ప్రజాతి చాలా పెద్దది. కేంద్రక ఐటీఎస్‌నూ క్లోరోప్లాస్ట్ మాట్‌కేనూ కలిపి 2006లో చేసిన పరిశీలనలో, విడి ప్రజాతులుగా భావించిన గ్లోకిడియాన్, బ్రేనియా, సారోపస్ అన్నీ ఫిలాంథస్ శాఖల మధ్యలోనే మొలిచాయి. అందువల్ల ఈ ప్రజాతిని పలు ప్రజాతులుగా విడగొట్టాలన్న ప్రతిపాదన 2022లో వచ్చింది. అమారస్, యూరినేరియా పక్కపక్క పొలాలలో పెరిగి ఒకే బస్తాలోకి చేరుతున్నా, సంప్రదాయ వర్గీకరణలో సైతం అవి ప్రజాతిలోని వేర్వేరు విభాగాలకు (సెక్షన్లకు) చెందినవి. వాటి పోలిక పైపై రూపానిది. కనుక ఆ రెండింటి మధ్య క్లోరోప్లాస్ట్ తేడాలు మీకు కావలసినన్ని దొరుకుతాయి. ఫ్రాటర్నస్, డెబిలిస్‌ల నుంచి అమారస్‌ను వేరుచేయడానికే మీ డబ్బునూ ఓపికనూ దాచుకోండి.

ఈ విడగొట్టడం స్థిరపడితే మొక్కల పేర్లు కూడా మారుతాయి. మీ రికార్డులలో పేరుతో పాటు హెర్బేరియం పత్రం సంఖ్యను కూడా రాసి ఉంచండి, జెన్‌బ్యాంక్‌కు వరుసలు సమర్పించినప్పుడు ఆ సంఖ్యను తప్పక చేర్చండి. అప్పుడు పేరు ఎన్నిసార్లు మారినా, ఆ అక్షరాలు ఏ మొక్కవో ఎవరైనా పత్రం తీసి చూసుకోగలరు.